జల్లించిన మట్టి

"ఐదువేల ఏళ్ళ కిందట పోయినవాణ్ణి చూడ్డానికొచ్చారా, మూడేళ్ళ కిందట పారిపోయినవాణ్ణి వెతకడానికొచ్చారా? ముందది తేల్చండి సార్," అన్నాడు బామ్మర్ది, మొహాన నవ్వు చెదరకుండా.

"రెండోవాడి కోసం. మొదటాయన ఎక్కడికీ పోడుగా," అన్నాను.

అతను ప్రొఫెసర్‌గారి భార్యకు తమ్ముడు. చుట్టరికం ఒక్కరితోనే అయినా, తవ్వకాల్లో తట్టలు మోసినవాళ్ళ దగ్గర్నుంచి మ్యూజియం గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరూ అతన్ని బామ్మర్ది అనే పిలుస్తారు. అతనూ పలుకుతాడు. తవ్వకం జరిగినన్నాళ్ళూ కూలీల హాజరు, భోజనాలు, మట్టి జల్లించడం, దొరికినవాటిని పెట్టెల్లో సర్దడం, అన్నీ అతని చేతిమీదుగానే నడిచాయి. ఇప్పుడు ఈ ఎముకల గది తాళాలు కూడా అతని నడుముకే వేలాడుతున్నాయి.

గది పొడవుగా ఉంది. ఒకవైపు ఊచల కిటికీలు, మరోవైపు గోడ నిండా అట్టపెట్టెలు. మధ్యలో పెద్ద బల్ల, దానిమీద నల్లగుడ్డ, గుడ్డమీద ఓ మనిషి. పుర్రె నుంచి కాలివేళ్ళ దాకా ఏ ఎముక ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. పుర్రె కింద ఎవరో దూదిని చిన్న దిండులా మడిచి పెట్టారు. పక్కకి దొర్లకుండా ఉండటానికే కావచ్చు. అయినా, ఇన్నివేల ఏళ్ళు మట్టిలో పడుకున్నాక ఆ మనిషికి ఒక దిండు దొరికిందనిపించింది నాకు.

"ఈ దూది మీరు పెట్టిందేనా?" అని ప్రొఫెసర్‌ని అడిగాను.

"అవును. ఏం?"

"ఊరికే."

ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అవి ఎక్కడున్నాయా అని జేబులు తడుముకుంటున్నారు. అలాంటివాళ్ళని అనుమానించడం నాకు కష్టం. అందుకే వాళ్ళని మరికాస్త జాగ్రత్తగా చూస్తాను.

సంచిలోంచి ఒక చొక్కా తీసి, ఖాళీగా ఉన్న స్టూలు మీద పరిచాను. మామూలు తెల్లచొక్కా. ముందుభాగం అందరి చొక్కాల్లాగే ఉంది. వెనకభాగం మాత్రం జానెడు పొడవెక్కువ. మధ్యలో మడతలు పెట్టి, బుట్టలా ఉబ్బేట్టు కుట్టారు. గూని ఉన్న మనిషికి చొక్కా పైకి లేచిపోయి నడుం బయటపడకుండా ఆ ఏర్పాటు. కుట్టింది అతని చెల్లెలు. చిన్న టైలరింగ్ షాపు ఆమెది. అన్న జాడ లేకపోయినా ఏడాదికొక చొక్కా కుట్టి దాచిపెడుతోంది. నాకిచ్చింది మూడోది.

"విల్లు చొక్కా!" అన్నారు ప్రొఫెసర్ చూస్తూనే. ఆయన గొంతు మెత్తబడింది.

అతన్ని అందరూ విల్లు అనేవారు. చిన్నప్పుడు వెన్నుకి క్షయ పట్టింది. జబ్బు నయమైంది కానీ వీపు వంగిపోయింది. ఆ వీపుతోనే బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. తవ్వకంలో బయటపడ్డ ప్రతి పెంకునీ, కంకణాన్నీ, ఎముకనీ ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించడం అతని ఉద్యోగం. తవ్వకం ముగిసిన రోజున మాయమయ్యాడు. అతనితోపాటు తవ్వకం కెమెరా కూడా. దొంగ అని ముద్రేసి పోలీసులు కేసు మూసేశారు. "మా అన్నయ్య ఉన్నాడో లేడో చెప్పండి బాబాయిగారూ. ఉంటే తీసుకురండి. లేకపోతే దొంగ కాదనైనా చెప్పించండి," అని చెల్లెలు నా దగ్గరికొచ్చింది. పోలీసులు వదిలేసినవాళ్ళని వెతికిపెట్టడం, అదీ నేను చేస్తున్న పని.

"చివరిసారి అతన్ని చూసిందెవరు?"

"నేనే," అన్నాడు బామ్మర్ది. "సాయంత్రం బస్సు ఎక్కించాను. చేతిలో బట్టల సంచి, భుజాన కెమెరా పెట్టె. అది మనదేనని అప్పుడు నాకు తట్టలేదు. తెల్లారి చూస్తే ఏముంది? కెమెరా లేదు."

"ఏ భుజాన?"

"అంటే?"

"కెమెరా పెట్టె ఏ భుజాన వేసుకున్నాడు?"

"కుడి భుజాన. ఇప్పుడు దాంతో ఏం పని?"

"విల్లుకి భుజాన ఏదీ నిలవదట. వీపు వాలుకి జారిపోతుందని ఏదైనా మెడలో తగిలించుకుని పొట్టమీదికి వేసుకునేవాడట. వాళ్ళ చెల్లెలు చెప్పింది."

బామ్మర్ది నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు దానికి సాయం రాలేదు. "పారిపోయేవాడు అవన్నీ చూసుకుంటాడా సార్? ఎలా దొరికితే అలా వేసుకుంటాడు."

"నిజమే," అన్నాను. ఎదుటివాళ్ళు అబద్ధం చెబుతున్నారనిపించినప్పుడు ఒప్పేసుకోవడం నాకు అలవాటు. ఇంకొంచెం చెబుతారు.

అతను చెప్పలేదు. నేను గోడవైపు తిరిగాను. కిటికీ పక్కన మేకుకి ఒక చెక్కబల్ల వేలాడుతోంది. ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. కింద రెండు పొట్టి కాళ్ళు. అంచు చెయ్యి ఆనీ ఆనీ నున్నగా అరిగింది.

"అది విల్లుదే," అన్నారు ప్రొఫెసర్. "తనే చేసుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని గీసేవాడు. మామూలు బల్లమీదికి వంగితే ఊపిరాడేది కాదు పాపం."

"ఇది లేకపోతే?"

"గీయలేడు."

"అంటే తన బతుకుతెరువుని మేకుకి తగిలించి, గీయడానికి పనికిరాని కెమెరా పట్టుకుపోయాడన్నమాట."

ప్రొఫెసర్ ఆ బల్లకేసి చూశారు. మూడేళ్ళుగా రోజూ కళ్ళ ముందే ఉన్నదాన్ని అప్పుడే చూసినట్టు చూశారు. బామ్మర్ది "టీ చెబుతాను" అంటూ ఫోను తీసి గుమ్మం దాటాడు. వసారాలో అతని గొంతు చాలాసేపు వినబడింది. టీ చెప్పడానికి అంతసేపు పట్టదు.

టీ రాలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఎముకల వాసన తగిలితే చాలు, వాలిపోతారే పెద్దాయనా!" అన్నాడు లోపలికి వస్తూనే. విల్లు కేసు మూసింది ఇతనే. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు, నాకంటే ఇరవై రెట్లు తొందర ఎక్కువ.

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?"

"పోలీసువాడికి ఒకరు చెప్పాలా?"

అతని వెనకే వచ్చిన బామ్మర్ది ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న స్టేషన్‌కొచ్చి ఏదో పాత ఎక్స్‌రే దొరికింది, కేసు తిరగదోడండి అన్నారు. కుదరదని మర్యాదగానే చెప్పాను. ఇవాళ ఇక్కడ తేలారు. ఇంట్లో వద్దని చెప్పే మనిషి లేకపోతే ఇంతే. పొద్దుపోదు."

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

"ఆవిడ ఉన్నా ఇక్కడికి వచ్చేవాణ్ణే," అన్నాను. "కాకపోతే గొడుగు పట్టుకెళ్ళమని చెప్పేది."

ప్రొఫెసర్ చిన్నగా నవ్వారు. ఆ నవ్వుకి నేను మనసులో ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

"విల్లు చివరిసారి చెల్లెలికి ఫోన్ చేసి ఒక మాట చెప్పాడు," అన్నాను, ఆయనవైపే తిరిగి. "నేను గీసేవీ, పెట్టెల్లోకి చేరేవీ ఒకటి కావట్లేదు చెల్లీ అని. సమాధుల్లో దొరికిన శంఖపు కంకణాలు అన్నీ మీ పెట్టెల్లో ఉన్నాయా?"

"సర్దింది మా బావమరిది. ఉండాలి మరి..."

"ఆపండి!" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "గూనివాడు కెమెరా కొట్టేస్తే కంకణాల సంగతి ఎందుకు? ఎక్కడి తాడు తెచ్చి ఎక్కడ ముడేస్తున్నారు?"

"ముడి నేను వెయ్యడం లేదు నాయనా. ఎవరు వేశారో చూస్తున్నాను. సరే, విల్లు సంగతి వదిలేద్దాం. ప్రొఫెసర్‌గారూ, ఈయన కథ చెప్పండి." బల్లమీది మనిషిని చూపించాను.

ఆయన మొహం వెలిగింది. ఎవరి బిడ్డ గురించి వాళ్ళని అడిగితే అలాగే వెలుగుతుంది.

"వెన్ను చూడండి. ఇక్కడ, రొమ్ము వెనకభాగంలో. ఈ మూడు వెన్నుపూసలూ విడివిడిగా లేవు, అతుక్కుపోయాయి. ముందుభాగాన్ని జబ్బు తినేసింది. దాంతో మూడూ ముందుకి కూలి ముద్దయ్యాయి. బతికుండగా ఈ మనిషి వీపు మడిచిన కత్తిలా వంగి ఉండేది. ఇది క్షయ తప్ప ఇంకోటి కాదు. పశువుల్ని కట్టేసుకుని, పంటలు పండించడం అప్పుడప్పుడే నేర్చుకున్న రోజుల్లోనే ఈ జబ్బు మనిషి పక్కలో చేరిందనడానికి సాక్ష్యం. దీనికోసం నేను సర్వీసంతా వెతికాను."

"భూమిలో ఉండగానే చూశారా?"

"లేదు. పుర్రె, కాళ్ళు మాత్రమే బయటపడ్డాయి. మొండెం రాయిలాంటి గడ్డలో ఇరుక్కుంది. అక్కడే గీకితే పొడైపోతుందని గడ్డ మొత్తానికి ప్లాస్టర్ పట్టీలు చుట్టి, అలాగే ఎత్తి తెచ్చాం. స్టోర్లో ఉంచాం. ఈ ఏడాదే తెరిచాను, నా చేత్తోనే."

"స్టోరు తాళం?"

"నా దగ్గరే," అన్నాడు బామ్మర్ది. "దొంగతనంగా తాళాలు దాచుకోలేదు. అది నా డ్యూటీ."

"నేనేమీ అనలేదుగా. ఐదువేల ఏళ్ళు అని ఎలా తెలిసింది?"

"తొడ ఎముక ముక్క పరీక్షకి పంపాం," అన్నారు ప్రొఫెసర్. "కానీ నా వ్యాసం చదివిన విదేశీ పండితుడు ఒకాయన, జబ్బు ఉన్న ఎముక వయసు కూడా విడిగా తేల్చమన్నాడు. న్యాయమే. రేపు ఈ మూడూ పంపిస్తున్నాను. కొంతభాగం పొడి చేస్తారు. తప్పదు."

రేపు. అంటే చూడటానికి ఇవాళే ఆఖరు.

భూతద్దం తీసి వంగాను. మిగతా ఎముకలన్నీ పాత గోడ రంగులో, మెరుపు లేకుండా ఉన్నాయి. ఆ మూడు పూసలు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి.

"వీటికే ఎందుకీ మెరుపు?"

"వార్నీషు. నేనే పూశాను," అన్నాడు బామ్మర్ది. "రాలిపోకుండా."

"పక్కటెముకలు ఊదితే పొడయ్యేట్టున్నాయి. వాటికి పూయలేదే?"

అతను జవాబిచ్చేలోగా ప్రొఫెసరే అందుకున్నారు. "నేనూ కోప్పడ్డానండీ. వార్నీషు పడితే వయసు తేల్చే పరీక్ష పాడవుతుంది. అత్యుత్సాహం వీడికి. ఇప్పుడు కడిగి పంపాలి."

"ఎప్పుడు పూశాడు?"

"పోయినవారం."

"పరీక్షకి పంపుతానని మీరు చెప్పకముందా, చెప్పాకా?"

ప్రొఫెసర్ కళ్ళద్దాలు నుదుటిమీంచి ముక్కుమీదికి జారాయి. "చెప్పిన మర్నాడు," అన్నారు నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని చప్పుడయ్యేట్టు కూర్చున్నాడు. "బాగుంది. వార్నీషు పూసిన నేరానికి అరెస్టు చెయ్యమంటారా?"

"వద్దు. కాస్త ఓపిక పట్టు చాలు."

వెన్నుపూసల మధ్య నిలువునా ఒక గొట్టం ఉంటుంది, నరం పోయే దారి. ప్రతి పూసలోనూ ఆ దారి మట్టితో నిండి ఉంది. ఎముకలన్నీ అంత శుభ్రంగా తుడిచి దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలారని అడిగాను.

"అది మా పద్ధతి. ఆ మట్టిలో పురుగుల గుడ్లు, వేళ్ళ ముక్కలు, అప్పటి నేల జాడలు చిక్కుకుని ఉంటాయి. ముందు అది పరీక్షకి వెళ్ళాలి. అందాకా పుల్లతో కూడా కెలకనివ్వను."

"చిటికెడు తీసుకోవచ్చా? రెండు చోట్ల."

ఆయన తటపటాయించి, చిన్న చెంచాలాంటి పనిముట్టు అందించారు. మెడ దగ్గరి మామూలు పూసలోంచి కాస్త, మెరిసే పూసలోంచి కాస్త తీసి, రెండు తెల్లకాగితాల మీద పోశాను. మొదటిదాంట్లో ఇసుక రవ్వలు, చిన్న గులకరాళ్ళు, గోరంత నత్తగుల్ల ముక్క, వెంట్రుకంత వేరు. రెండోది మెత్తగా, ఒకే తీరుగా, పిండిలా ఉంది.

"ఒక్క సందేహం ప్రొఫెసర్‌గారూ. ఒకే మనిషి, ఒకే గొయ్యి. మట్టి రెండు రకాలుగా ఎందుకుంది?"

"ఉండదు. ఉండకూడదు..." ఆయన రెండో కాగితంలోంచి చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపారు. ఆగారు. మళ్ళీ నలిపారు. మొదటిది తీసి నలిపారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశారు. ఆ వేళ్ళు జీవితమంతా మట్టిని నలిపిన వేళ్ళు. ఆయన నమ్మాలనుకున్నది ఒకటి, వేళ్ళు చెబుతున్నది ఒకటి. ఆ మొహం చూడలేక నేను పుర్రె కింద దూదికేసి చూస్తూ నిలబడ్డాను.

"ఇది జల్లెడ పట్టిన మట్టి," అన్నారు చివరికి. "తవ్వినదంతా జల్లించి, దొరికినవి ఏరుకుని, కింద పడ్డ మెత్తటి మట్టిని ఓ పక్కన గుట్ట పోస్తాం. ఇది ఆ గుట్టలోది."

"భూమిలో ఉన్న మనిషి వెన్నులోకి, జల్లించాక మిగిలిన మట్టి ఎలా వెళ్తుంది?"

"వెళ్ళదు. ఎవరో కూరితే తప్ప."

"బయటివాడెవడైనా కూరితే ఎక్కడ పడితే అక్కడి మట్టి కూరేవాడు. ఆ గుట్ట చేతికి అందుబాటులో ఉండి, ఆ మట్టే మట్టి అన్నంతగా అలవాటు పడ్డవాడే ఇది చేస్తాడు. జల్లెడ దగ్గర రోజూ నిలబడిందెవరు?"

"టీ ఏమైందో చూసొస్తాను," అన్నాడు బామ్మర్ది. తాళాల గుత్తి గలగలమంది. నేను ఇన్‌స్పెక్టర్‌కేసి చూశాను, ఆపుతాడేమోనని. అతను తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

ప్రొఫెసర్ ఎవరినీ పట్టించుకునే స్థితిలో లేరు. సొరుగు లాగి, సన్నటి మొన ఉన్న డ్రిల్లు తీశారు.

"ఏం చేస్తున్నారు? అది సాక్ష్యం!" ఇన్‌స్పెక్టర్ లేచాడు.

"ఇందాక నేరమే లేదన్నారుగా. లేని నేరానికి సాక్ష్యమేంటి? ఇది నా గది. కూర్చోండి," అన్నారాయన. అంత మెత్తటి మనిషి గొంతులో అంత గట్టి మాట ఎక్కడ దాగిందో.

ముందు మెడ దగ్గరి పూసకి ఒక మూల మొన ఆనించారు. గుయ్యిమంది. తెల్లటి పొడి రాలింది. వంగి వాసన చూశాం. వాన ముందు నేల వాసన, అంతే. తర్వాత మెరిసే పూసల్లో చివరిదాని మీద వార్నీషుని మందులో ముంచిన దూదితో తుడిచి, ఆరాక, లోపలికంటా మొన దించారు.

ఈసారి వాసన నాకు ముందే తెలుసు. మా ఆవిడకి పన్ను తొలిచినప్పుడు డాక్టరుగారి గది బయట బెంచీమీద కూర్చున్నాను. తలుపు సందులోంచి వచ్చింది ఇదే వాసన. జుట్టు కాలినట్టు.

"వేల ఏళ్ళు మట్టిలో ఉన్న ఎముకలో ఇలా కాలేంత జిగురు మిగలదు," అన్నారు ప్రొఫెసర్. డ్రిల్లు ఆపి బల్లమీద పెట్టారు. "ఇది కాలుతోంది. ఇది... ఇది మన కాలపు మనిషిది."

రాలిన పొడిని నేను నా రుమాల్లో మూటకట్టుకున్నాను.

గుమ్మంలో అలికిడైంది. విల్లు చెల్లెలు. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చేతిలో పెద్ద కవరు.

"మూడింటికి రమ్మన్నారు కదా బాబాయిగారూ. కాస్త ఆలస్యమైంది."

"నువ్వెందుకొచ్చావమ్మా? బయట ఉండు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రానీండి," అన్నారు ప్రొఫెసర్. ఆమెకోసం తన కుర్చీ జరిపారు. ఆమె కూర్చోలేదు. స్టూలుమీద చొక్కా ముడతపడి ఉంటే చేత్తో సాపు చేసింది.

కవర్లో ఎక్స్‌రే ఫిల్ము. తవ్వకానికి వెళ్ళేముందు ఏడాది, నొప్పి తిరగబెట్టిందని విల్లు వీపుకి పక్కనుంచి తీయించింది. కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. వెలుతురు దాంట్లోంచి వచ్చింది. పైనుంచి తిన్నగా దిగుతున్న వెన్ను ఒకచోట ఒక్కసారి ముందుకి మడతపడింది. ఆ మడతలో మూడు పూసలు ఒక్క ముద్దగా ఉన్నాయి. ముద్ద ముందువైపు ఎముక పెరిగి, చిలుక ముక్కులా కిందికి వంగింది. ముక్కు కింద బఠాణీ గింజంత గుంట.

ప్రొఫెసర్ బల్లమీది ముద్దని రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చారు. పక్కకి తిప్పారు.

చిలుక ముక్కు. దాని కింద గుంట.

చూడమని చెల్లెలితో నేను చెప్పలేదు. ఆమే చూసింది. ఫిల్ము ఒకసారి, ఎముక ఒకసారి. ఆ వంపుని ఆమె ఎన్ని చొక్కాల్లో కుట్టి ఉంటుందో. వేలు చాచి ఆ ముక్కు కొసని తాకింది.

"అన్నయ్యేనా?"

అబద్ధం చెప్పడానికి ఏ దారీ కనబడలేదు. "అవునమ్మా."

ఆమె ఏడవలేదు. టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "అయితే దొంగ కాదు," అంది.

"కాదు."

ప్రొఫెసర్ ఆ ముద్దని పట్టుకునే ఉన్నారు. "నేను... దీన్ని చూసి ఆ రోజు సంతోషంతో స్వీట్లు పంచానమ్మా," అని మాత్రం అనగలిగారు.

"మీకు తెలీదుగా సార్," అంది ఆమె. ఆ గదిలో ఆ క్షణాన ఆయన్ని ఓదార్చగలిగింది ఆమె ఒక్కతే. ఆమె ఆ పని చేసింది.

జరిగింది ఇప్పుడు నాకు వరసగా కనబడుతోంది. కంకణాలు మాయమవడం విల్లు కనిపెట్టాడు, ఎందుకంటే ప్రతిదాన్నీ గీసింది అతనే. చంపినవాడు శవాన్ని ఎక్కడో పూడ్చి, కెమెరా దాచేసి, విల్లు మీద దొంగ ముద్ర వేశాడు. కానీ మామూలు మనిషి అస్థిపంజరం ఎక్కడ బయటపడ్డా ఫలానా అని ఎవరూ గుర్తుపట్టలేరు. విల్లు విషయం అలా కాదు. ఆ వంగిన వెన్ను మొహం లాంటిది. అందుకే కొంతకాలమయ్యాక ఆ మొహాన్ని మాత్రం తీసేశాడు. వంగిన వెన్నుని చూసినా ఎవరూ పోలీసుల్ని పిలవని చోటు లోకంలో ఒకటే ఉంది. బావగారు ఏళ్ళ తరబడి ఆ జబ్బు కోసమే కలవరిస్తున్నారు. స్టోర్లో ప్లాస్టర్ గడ్డ తెరవకుండా పడి ఉంది. తాళం తన దగ్గరే ఉంది. ఐదువేల ఏళ్ళ మనిషి వెన్నులోంచి మూడు పూసలు తీసి, విల్లువి పెట్టి, మట్టిని తడిపి గట్టిగా కూరి, కొత్త ప్లాస్టర్ చుట్టాడు. మట్టి దగ్గర మాత్రం చెయ్యి అలవాటైన గుట్టవైపే పోయింది.

"బాబాయిగారూ," అంది చెల్లెలు. "మీరు పంపిన మనిషికి నిన్న ఈ ఫిల్ము ఇవ్వలేదు. మీకే ఇద్దామని."

"నేను పంపిన మనిషా?"

"నిన్న సాయంత్రం షాపుకొచ్చాడు. పాత ఎక్స్‌రే ఉందట కదా, తెమ్మన్నారు అన్నాడు. నవ్వుతూ మాట్లాడాడు కానీ ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు. వెతకాలి, రేపు రండి అన్నాను. నడుముకి పెద్ద తాళాల గుత్తి ఉంది."

ఎక్స్‌రే దొరికిందని నిన్న పొద్దున ఆమె నాకు ఫోన్ చేసింది. ఆ సంగతి నేను లోకంలో ఒక్క చోటే చెప్పాను. స్టేషన్లో. ఒక్క మనిషికే.

తల తిప్పాను. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు కుర్చీలో లేడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తొందర మనిషి, మొదటిసారి ఏ తొందరా లేకుండా, తలుపు నెమ్మదిగా మూసి, దానికి వీపు ఆనించాడు.

"ఆ ఫిల్ము ఇలా ఇవ్వమ్మా," అన్నాడు. "ఆ ఎముక కూడా. కేసు సొత్తు."

"మూసేసిన కేసుకి సొత్తేంటి?" అన్నాను.

"పెద్దాయనా, మీకు ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు. వీళ్ళకున్నారు. ఆలోచించుకోండి."

తలుపు అవతల తాళాల గుత్తి గలగలమంది. బామ్మర్ది గొంతు, ఎప్పట్లాగే నవ్వుతున్నట్టుగా, "దొరికిందా సార్?" అని అడిగింది.

"దొరికింది. ముగ్గురూ లోపలే ఉన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మా మీంచి చూపు తిప్పకుండా. "గేటు దగ్గరవాణ్ణి ఇంటికి పంపించెయ్."

ప్రొఫెసర్ ఒక అడుగు వెనక్కి వేశారు, చేతుల్లోని ఎముకని గుండెకి ఆనించుకుని. నేను ఆ ఇద్దరికీ తలుపుకీ మధ్యకి జరిగాను. అరవై దాటిన మనిషి అడ్డం ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు.

చెల్లెలు మాత్రం కంగారుపడలేదు. ఫిల్ముని కవర్లోంచి తీసి, స్టూలుమీది చొక్కా వెనకభాగంలో, బుట్టలా ఉబ్బిన ఆ మడతల్లోకి దోపింది. అది అక్కడ సరిగ్గా ఇమిడింది. చొక్కాని చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇవ్వనండీ," అంది. "ఇవి మా అన్నయ్య కొలతలు."